గౌతమి ఒడ్డున సైకిల్ బాట కోసం

యానాం ప్రాంతీయ పరిపాలనాధికారి గారికి,

గౌతమి గట్టు వెంట సైకిల్ బాట ఏర్పాటు చేయమని కోరుతున్నాను. కొండలు లేని ఊళ్లో తొక్కితే సరదా ఏముంటుంది, ఇదెందుకు అనేవారున్నారు. 30 చదరపు కిలోమీటర్ల యానాం చదునుగా ఉంది కాబట్టే కొత్తగా నేర్చుకునే పిల్లలకూ, వయసు మళ్లినవారికీ అనువు. చేయి తిరిగినవారికి పక్కన మట్టిదారి వదిలితే చాలు. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్‌కు సోలార్ కప్పు వేశారు. మనకు అంత ఖర్చు అక్కర్లేదు, నీడకు కానుగ చెట్లు నాటించండి.

గట్టు దెబ్బతింటుందన్నదే గట్టి అభ్యంతరం. 1986, 2022 వరదలు చూసిన ఊరికి ఆ భయం సహజం. కానీ తడిమట్టిని నలగ్గొట్టేది ట్రాక్టర్ చక్రం. ఆ గాడిలో వాననీరు నిలిచి కోత మొదలవుతుంది. బరువైన బండ్లు ఎక్కకుండా ఇనుప స్తంభాలు పాతితే గట్టుకే మేలు. వరద రోజుల్లో బాట మూసేయండి. మడ అడవుల వైపు మాత్రం కొత్త దారి తీయించకండి.

ఇట్లు,
ఒక యానాం పౌరుడు