హొసూరు చల్లగాలి, ఒళ్లు కాల్చే ఎండ

కృష్ణగిరి జిల్లా కలెక్టర్ గారికి,

2024లో తమిళనాడు ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. సంతోషం. కానీ మన దగ్గర మాటంతా వడదెబ్బ గురించే. చర్మం ఊసెత్తేవారు లేరు.

హొసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి చల్లగా తగులుతుంది కాబట్టి ఎండ ఏమీ చేయదనుకుంటాం. నిజానికి ప్రతి 1000 మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత (యూవీ) కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. ఒంటికి వేడి తెలియకుండానే చర్మం కమిలిపోతుంది. తోతాపురి కాయలు కోసే కూలీలకైతే ఎండకు తోడు మామిడి సొన కూడా. గ్రానైట్ క్వారీల్లో నీడ కోసం వెతుక్కోవాల్సిందే. మామూలు టోపీ పెట్టుకున్నా చెవులూ మెడా బయటే ఉంటాయి.

వేసవిలో ఉపాధి హామీ పనులూ క్వారీ పనులూ ఉదయం 11కల్లా ఆపించండి, మళ్లీ 3 దాటాకే. కూలి మాత్రం కోయనివ్వకండి, కోస్తే ఎవరూ ఆగరు. పొడుగు చేతుల నూలు చొక్కా, వెడల్పు అంచు టోపీ కాంట్రాక్టరే ఇవ్వాలి. సన్‌స్క్రీన్ సంగతి తర్వాత. అది ఖరీదు, పైగా చెమటకు కారిపోతుంది. ఎండ హెచ్చరికల్లో యూవీ సూచీ కూడా చెప్పించండి. తమిళంతోపాటు తెలుగులో, కన్నడంలో కూడా.

ఇట్లు,
హొసూరు తాలూకా తెలుగు రైతు