ఓడ బొమ్మ వెనుక సముద్రము

మైలవరమునకు సముద్రము లేదు. ఆ ఊరి చుట్టూ ఉన్నవి కొండలు, చెరువులు, మామిడి తోటలు. కొండపల్లి దుర్గము దగ్గర, బందరు రేవు దూరము. అటువంటి చోట ఒక విద్యార్థి తపాలా బిళ్ళల పుస్తకము తెరచి, పుటకు పది చొప్పున ఓడ బొమ్మలను అతికించుకుంటే చూచేవారికి వింతగా తోచవచ్చును. కాని ఆ కొండలలో పుట్టిన బుడమేరు కొల్లేటిలో కలుస్తుంది. కొల్లేటి నీరు ఉప్పుటేరు వెంట పోయి బంగాళాఖాతమును చేరుతుంది. వాగుకు తెలిసిన ఈ దారి పాఠశాలకు తెలియకపోవడమే విచారింపదగినది.

తెలుగుదేశపు బడిపిల్లలలో తపాలా బిళ్ళలు సేకరించే అలవాటు కొత్తది కాదు. ఓడలు, పక్షులు, పువ్వులు, రైళ్ళు అని విభాగములు చేసుకొని కూడబెట్టడమూ కొత్తది కాదు. అయితే ఓడల విభాగములో చేరేవి చాలవరకు దుకాణములో పొట్లముగా కొన్న రంగు కాగితములు. ఏ దేశపు ఓడయో, ఏ సంవత్సరములో ఎందుకు అచ్చు వేసినారో తెలియకుండానే అవి పుస్తకములోకి ఎక్కుతవి. ధాన్యపు గింజలను కొలుచుకున్నట్లు బిళ్ళలను లెక్కపెట్టుకోవడమే ఆ వినోదమునకు ఆదియు, అంతమును. దానిని పోగు అనవచ్చును. సేకరణ అనుట కష్టము. ఒక్కొక్క బిళ్ళను చూచి ఈ ఓడ ఎవరిది, ఎక్కడినుంచి బయలుదేరినది, ఏమి మోసినది, ఎవరిని మోసినది అని అడిగినప్పుడే పోగు సేకరణ అవుతుంది. అడిగించవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.

ఒక్క బిళ్ళతో ఎంత పాఠము చెప్పవచ్చునో చూడండి. 1965 ఏప్రిల్ 5న భారత తపాలా శాఖ జాతీయ నౌకాదినోత్సవ సందర్భమున 15 పైసల బిళ్ళ వెలువరించినది. దానిపై ఉన్నది జలఉష అనే సరకుల ఓడ, విశాఖపట్టణములో నిర్మితమైనది. వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వమున సింధియా కంపెనీవారు ఆ నౌకా నిర్మాణశాలను తలపెట్టగా, 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసినారు. మరుసటి ఏడు 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపై బాంబులు వేసినవి. యుద్ధము ముగిసి, దేశము స్వతంత్రమైన పిమ్మట 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జలఉషను సముద్రములోనికి విడిచినారు. ఆధునిక కాలమున మన దేశములోనే కట్టిన మొదటి పెద్ద పొగయోడగా అది పేరు పొందినది. 1952లో ఆ నిర్మాణశాల హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారినది. బొటనవ్రేలంత కాగితములో ఇంత కథ ఉన్నది. చరిత్ర, భూగోళము, స్వాతంత్ర్యోద్యమము మూడును అందులో ఇమిడి ఉన్నవి.

ఏప్రిల్ 5 అనే తేదీ సంగతి కూడ విద్యార్థి అడగవలసినదే. 1919లో అదే దినమున సింధియా కంపెనీ ఓడ లాయల్టీ బొంబాయినుంచి లండనుకు బయలుదేరినది. సముద్రయానము తెల్లవారి కంపెనీల గుత్తగా ఉన్న రోజులలో భారతీయుల పెట్టుబడితో అంత దూరము ఓడ నడపడమే సాహసము. అంతకు ముందే 1906లో తూత్తుకుడిలో వి. ఓ. చిదంబరం పిళ్ళై స్వదేశీ నౌకా సంఘమును స్థాపించి, ఆ సాహసమునకు చెరసాల శిక్ష అనుభవించినారు. ఆయన శతజయంతికి 1972లో బిళ్ళ వెలువడినది. వాల్‌చంద్ హీరాచంద్ పేర 2004లో వెలువడినది. ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి చూచిన బాలునికి, స్వరాజ్యము నేలమీద మాత్రమే సాధించినది కాదని ఎవరును చెప్పనక్కరలేదు.

ఇక తెలుగు తీరపు పూర్వచరిత్ర ఇంకను లోతైనది. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణెములపై రెండు స్తంభముల ఓడ ఉన్నది. తపాలా బిళ్ళకు పదహారు వందల ఏండ్లకు ముందే ఒక తెలుగు ఏలిక తన ప్రభుత్వ చిహ్నముగా ఓడను ఎన్నుకున్నాడన్న మాట. అదే శతాబ్దికి చెందిన టాలెమీ తన భూగోళ గ్రంథములో కృష్ణానదిని, దాని ముఖద్వారపు మైసోలియా ప్రాంతమును, పండితులు నేటి ఘంటసాలగా గుర్తించిన రేవును పేర్కొన్నాడు. 1244-45లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించినాడు. తుపానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకునంతను పూర్వపు రాజులు లాగుకొనేవారనియు, తాను సుంకము మాత్రమే పుచ్చుకొని మిగిలినది వర్తకులకే విడిచిపెడుతున్నాననియు ఆ శాసనము చెప్పుతుంది. ఆపదలో ఉన్నవాని సొత్తు రాజుది కాదని ఏడు వందల ఏండ్లకు పైబడిన నాడే శిలపై చెక్కించిన రేవు అది. ఏ దేశపు తపాలా శాఖకైనను అంతకంటె గొప్ప ఓడ కథ దొరుకుతుందా?

బందరు మాట చెప్పనక్కరలేదు. ఆ పేరునకే రేవు అని అర్థము. గోలకొండ నవాబుల కాలమున పదిహేడవ శతాబ్ది తొలి ఏండ్లలో డచ్చివారు, 1611లో గ్లోబు అనే ఓడపై ఇంగ్లీషువారు అక్కడ దిగినారు. కలంకారీ అద్దకపు బట్టలు అక్కడినుంచి పారశీకమునకు, ఐరోపాకు ఎగుమతి అయినవి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి సుమారు ముప్పదివేల మందిని పొట్టపెట్టుకున్నది. మైలవరము విద్యార్థి బెజవాడకు పోయి, బందరు కాలువ గట్టున నిలిచి చూస్తే, ఒకనాడు ఆ కాలువల వెంటనే పడవలు ధాన్యమును, మనుష్యులను మోసుకొని రేవులకు పోయేవని తెలుసుకోవచ్చును. 1855 నాటికి కృష్ణకు ఆనకట్ట పూర్తి అయిన పిమ్మట తవ్విన కాలువలు సాగుకు మాత్రమే కాక రాకపోకలకును ఉపకరించినవి.

ఓడల బిళ్ళలలో జగత్ప్రసిద్ధమైనది ఒకటి ఉన్నది. దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాలో 1856లో అచ్చువేసిన ఒక సెంటు బిళ్ళ అది. ఇంగ్లండునుంచి ఓడపై రావలసిన బిళ్ళలు సకాలమునకు చేరకపోగా, అక్కడి పోస్టుమాస్టరు స్థానిక ముద్రాలయములో తాత్కాలికముగా అచ్చు వేయించినాడు. వాని నడుమ ఓడ బొమ్మ ఉన్నది. ఆ ఒక సెంటు బిళ్ళలలో నేడు ఒక్కటే మిగిలి ఉన్నట్లు ఎంచుతారు. దానిని 1873లో పండ్రెండేండ్ల బడిపిల్లవాడు ఒకడు తమ ఇంటి పాత ఉత్తరములలో చూచి, ఆరు షిల్లింగులకు అమ్ముకున్నాడు. 2014లో అది తొంబది నాలుగు లక్షల డాలర్లకు పైగా పలికినది. ఈ కథ విన్నవారు ధరను చూచి నోరు తెరుస్తారు. గమనింపదగినది ధర కాదు, దొరికిన చోటు. అది రాజుల భాండాగారములో దొరకలేదు. ఒక ఇంటి పాత కాగితములలో దొరికినది. మరొక సంగతియు ఉన్నది. ఆ గయానాకు చెరకు తోటలలో పనిచేయుటకు మద్రాసు రేవునుంచి కూడ కూలీలను ఓడలలో ఎక్కించుకొని పోయినారు. ఆ ఓడల బొమ్మలు ఆనాటి బిళ్ళలపై లేవు.

అసలు సంగతి ఇక్కడనే ఉన్నది. బిళ్ళ ప్రభుత్వము చెప్పదలచుకున్న మాట. కవరు మనుష్యుడు నడచిన దారి. బిళ్ళపై అందమైన తెరచాప ఓడ ఉండవచ్చును. కవరుపై ఊరి పేరు, తేదీ, దాటిన రేవుల ముద్రలు, తిప్పి పంపిన గుర్తులు ఉంటవి. అందుచేత ఓడల చరిత్ర తెలుసుకోగోరేవారు బిళ్ళకంటె కవరుకు ఎక్కువ విలువ ఇవ్వవలెను. మన ఇండ్లలో జరుగుతున్నది దీనికి విరుద్ధము. అటకమీది ట్రంకు పెట్టెలో పాత ఉత్తరములు దొరికితే, పిల్లలు బిళ్ళ ఉన్న మూలను కత్తిరించి నీటిలో నానబెట్టి, మిగిలిన కాగితమును పొయ్యిలో వేస్తారు. ఒక్క కత్తెర వేటుతో ముద్ర సగము పోతుంది, తేదీ పోతుంది, విలాసము పోతుంది. చేతిలో మిగిలేది దుకాణములో ఎప్పుడైనను దొరికే రంగు కాగితము. తగులబడినది మళ్ళీ దొరకదు.

కోస్తా జిల్లాలలో ఇటువంటి కవరులు లేకపోలేదు. విశాఖ, కాకినాడ రేవులనుంచి స్టీమరు ఎక్కి వేలకొలది తెలుగువారు రంగూను వెళ్ళినారు. అక్కడి రేవులో మూటలు మోసినారు, ధాన్యపు మిల్లులలో పనిచేసినారు. కోరంగి రేవు పేరుమీద బర్మావారు తెలుగువారిని కోరంగీలనే పిలిచినారు. వారు ఇంటికి వ్రాసిన ఉత్తరములపై 1937 మార్చి వరకు భారతదేశపు బిళ్ళలే ఉంటవి. ఆ ఏప్రిల్ 1న బర్మా వేరుపడగా, అవే బిళ్ళలపై బర్మా అని అదనముగా అచ్చు వేసి వాడినారు. ఒకే మనుష్యుడు ఒకే ఊరికి వ్రాసిన రెండు కవరులను పక్కపక్కన పెట్టితే, రాజ్యముల విభజన ఎట్లుంటుందో పదేండ్ల పిల్లవానికి కంటికి కనబడుతుంది. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడినవి. 1942లో ఓడ దొరకనివారు అడవుల వెంట నడచి వచ్చినారు. దారిలో ఎందరో రాలిపోయినారు. ఉత్తరములు ఒక తేదీతో ఆగిపోయిన కట్ట ఏ ఇంట ఉన్నా, ఆ ఆగిపోవడమే చరిత్ర. అటువంటి కట్టలోనుంచి బిళ్ళలను మాత్రము కత్తిరించి తీసుకొనుట పాపమనియే చెప్పవలెను.

ముద్రలను చదువుట కూడ ఒక విద్య. 1868నుంచి 1914 వరకు బొంబాయికిని ఏడెనుకును నడుమ నడిచిన తపాలా ఓడలలో గుమాస్తాలు ప్రయాణములోనే ఉత్తరములను ఊళ్ళవారీగా వేరుచేసేవారు. సముద్రపు తపాలా కచేరి అని వారికి వేరే ముద్రలు ఉండేవి. నడిసముద్రమున ఓడపైని పెట్టెలో వేసిన ఉత్తరమునకు ఆ ఓడ ఏ దేశపు జెండా కింద నడుస్తున్నదో ఆ దేశపు బిళ్ళ చెల్లుతుంది. తరువాతి రేవులో దానిపై పాకెబోట్ అనే ముద్ర వేస్తారు. అందువలన ఒక దేశపు బిళ్ళపై మరొక దేశపు ఊరి ముద్ర కనబడుతుంది. తెలియనివారు దానిని పొరపాటు అనుకుంటారు, తెలిసినవారు భద్రపరచుకుంటారు. పాత కవరు ముందు పంపిన తేదీ, వెనుక చేరిన తేదీ ఉంటే, తీసివేత లెక్కతో ప్రయాణకాలము తేలుతుంది. 1869లో సూయజు కాలువ తెరచిన ముందు వెనుకల ఈ లెక్క ఎట్లు మారినదో చెప్పించితే గణితము, భూగోళము ఒకే గంటలో పూర్తి అవుతవి.

ఇందుకు వచ్చే ఆక్షేపణలు లేకపోలేదు. ఇది ధనికుల సరదా అని కొందరంటారు. అరుదైన బిళ్ళల వేలము పాటలు చూచినవారికి అట్లే తోచును. ఇంటి ట్రంకు పెట్టెలోని కవరుకు మాత్రము కాసైన ఖర్చు లేదు. పరీక్షలకు పనికిరాదని మరికొందరంటారు. పరీక్షకు కంఠస్థము చేసిన తేదీ వేసవి సెలవులలో మరచిపోతారు. తాతగారి కవరుపై చూచిన తేదీ జీవితకాలము జ్ఞాపకముంటుంది. ఉత్తరములు వ్రాయుటయే తగ్గిపోయినది గదా, ఇప్పుడెందుకని అడిగేవారు ఉన్నారు. తగ్గిపోయినది గనుకనే ఇప్పుడు కావలెను. బందరులో కొత్త రేవు పనులకు 2023లో శంకుస్థాపన జరిగినది. కొత్త రేవు కడుతున్న తరమే పాత రేవు కాగితములను పోగొట్టుకొంటే అంతకంటె వింత వేరొకటి ఉండదు.

అయితే జాగ్రత్తలు అవసరము. 1960, 70లలో గల్ఫు తీరపు చిన్న సంస్థానముల పేర కొందరు వ్యాపారులు లెక్కలేనన్ని బిళ్ళలు అచ్చువేసి, ముద్రలు కూడ ముందే కొట్టి, సేకరించేవారికి అమ్మినారు. వానిలో చాలవరకు ఏ ఉత్తరమును మోసి ఎరుగవు. అటువంటి వానిపై ఓడ ఎంత అందముగా ఉన్నను దానికి ప్రయాణము లేదు. పిల్లలకు ఈ తేడా చెప్పవలెను. పాత ఉత్తరములు ఇంటివారి గుట్టు అని కూడ చెప్పవలెను. లోపలి ఉత్తరమును పెద్దల అనుమతి లేక చదువరాదు, బడికి తేరాదు. కవరు చాలును.

ప్రభుత్వము కూడ కొంత సాయము చేసినది. 2017లో తపాలా శాఖ దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన అనే పథకమును ప్రవేశపెట్టి, బిళ్ళల సేకరణలో అభిరుచి, మంచి చదువు గల ఆరు మొదలు తొమ్మిదవ తరగతి వరకు విద్యార్థులకు ఏడాదికి 6,000 రూపాయల వేతనము ఏర్పరచినది. పాఠశాలలో ఇందుకు ఒక సంఘము ఉండవలెనని నియమము. సంఘము పెట్టుటకు కావలసినది ఒక బల్ల, ఒక పుస్తకము, వారమునకు ఒక గంట, ఓపిక గల ఒక మాస్టారు. సంఘమునకు ఒక్క నిబంధన చాలును: ఏ బిళ్ళయైనను, ఏ కవరైనను దాని కింద పది పంక్తుల కథ వ్రాసిన పిమ్మటనే పుస్తకములో చేరవలెను.

మోటుపల్లి శాసనము, ఘంటసాల రేవు, కోరంగి ఓడలు, రంగూను కూలీలు, బందరు ఉప్పెన — వీనికి బిళ్ళగానో ప్రత్యేక కవరుగానో తగిన గౌరవము దక్కవలెనని అడిగే హక్కు తెలుగువారికి ఉన్నది. ఆ కోరిక వ్రాసి తపాలా శాఖకు పంపవలసినది పెద్దలే కానక్కరలేదు. మైలవరము బడిలోని ఎనిమిదవ తరగతివారు పంపవచ్చును. పంపేది ఉత్తరముగానే పంపవలెను, బిళ్ళ అంటించి, తేదీ ముద్ర స్పష్టముగా పడేటట్లు.