శాస్త్రం రాసినవాడు రచయిత కాడా?

ఈమధ్య నూరేళ్ల తెలుగు వచనం మీద ఒక సంస్థ రెండు రోజుల సదస్సు పెట్టింది. కథకు, నవలకు, నాటకానికి, విమర్శకు, ఆత్మకథకు పత్రాలున్నాయి. శాస్త్ర రచనకు ఒక్కటీ లేదు. అడిగితే, అది సాహిత్యం కిందికి రాదన్నారు. ఆ మాట మాకు కష్టం కలిగించింది.

ఆధునిక విజ్ఞానం తెలుగు ఇంటి గడప తొక్కింది పుస్తకంతోనే. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు పెట్టిన విజ్ఞానచంద్రికా మండలి ఒకే గ్రంథమాలలో చరిత్రలూ నవలలూ వేసింది, ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రమూ వేమూరి విశ్వనాథశర్మ రసాయనశాస్త్రమూ వేసింది. ఎవరు రచయిత, ఎవరు కాదు అన్న లెక్క అప్పుడు లేదు. లక్ష్మణరావు ఆ తర్వాత విజ్ఞాన సర్వస్వానికి పూనుకుని, మూడు సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూశారు. ఆ పని నడుమనే ఆగింది. మరుసటి ఏడు కాశీనాథుని నాగేశ్వరరావు ‘భారతి’ ప్రారంభించారు. అందులో పద్యాల పక్కనే శాస్త్ర వ్యాసాలూ అచ్చయ్యాయి.

ఆ పంటను దాచిపెట్టిన గాదె మన వేటపాలెంలోనే ఉంది. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి పూనికతో మొదలై, 1929లో గాంధీజీ చేత శంకుస్థాపన చేయించుకున్న సారస్వత నికేతనం అది. మగ్గాల ఊళ్లో, రైతుల నడుమ అంత గ్రంథాలయం నిలిచిందంటే, చదువుకున్న నలుగురి కోసమే పుస్తకం అని ఆనాటివాళ్లు అనుకోలేదన్నమాట.

తర్వాత సాహిత్య పత్రికలు శాస్త్రాన్ని ఎందుకు బయటికి నెట్టాయి? దాని ఫలితం ఎవరు అనుభవించారు? 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ఊడ్చేసింది. సింథటిక్ పైరిథ్రాయిడ్లు మళ్లీ మళ్లీ కొట్టడంతో దోమను తినే మిత్రపురుగులు చచ్చాయి, దోమ పెరిగింది. అప్పుల్లో కూరుకున్న రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ చావుల మీద కథలొచ్చాయి, కవితలొచ్చాయి. రావలసినవే. మందు కొడితే పురుగు ఎందుకు పెరుగుతుందో మంచి తెలుగులో చెప్పిన వ్యాసానికి మాత్రం ఎన్ని సాహిత్య పత్రికలు చోటిచ్చాయి? 2002లో బీటీ పత్తి వచ్చింది. అది కాయతొలిచే పురుగుకే గాని, రసం పీల్చే పురుగుకు అడ్డం కాదు. ఈ ఒక్క ముక్క కూడా రైతు మందుల కొట్టువాడి నోట వినవలసి వచ్చింది. 2021లో మిర్చి మీద నల్ల తామరపురుగు పడ్డప్పుడూ అంతే. సరుకు అమ్మేవాడే పాఠమూ చెప్పాడు.

సాహిత్యం అనుభూతికి సంబంధించింది, శాస్త్రానికి వేరే పత్రికలున్నాయి అంటారు కొందరు. అయితే శాస్త్ర రచయితలు మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్‌ల వచనం ఏ కథకుడి వచనానికి తీసిపోయిందో వాళ్లు చూపించాలి. కవి పేరు మీద స్మారక సంచిక వేసే మనం వీళ్లను ఎన్నిసార్లు తలచుకున్నాం? ఇది మరుపు కాదు, చిన్నచూపు. చదువరిని ఏడిపించగలిగితే రచయిత, వాడికి తెలివిడి కలిగిస్తే గుమాస్తా అన్నట్టుంది మన తీరు. దీన్ని మేము ఒప్పుకోం.

వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో ఎనిమిది పేజీలు శాస్త్ర రచనకే ఉంటాయి. కథకు ఇచ్చే పారితోషికమే వ్యాసానికీ ఇస్తాం. లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసేవారు, బడి పంతుళ్లు, వైద్యులు, చేలో తమ కంటితో చూసింది రాయగల రైతులు రచనలు పంపండి. మొదటి వ్యాసం తామరపురుగు మీద కావాలి.