పంచాంగానికి పట్టని నక్షత్రం

నక్షత్రాలు మన రాతను నడుపుతాయనే వాళ్లను ఒక్క ప్రశ్న అడగాలి. నక్షత్రమే మారిపోతే రాత ఏమవుతుంది?

హంస మండలంలో పి సిగ్ని అనే నక్షత్రం ఉంది. ఆగస్టు, సెప్టెంబరు రాత్రుల్లో ఢిల్లీ వాళ్లకు దాదాపు నడినెత్తిన ఉంటుంది. నగరం వెలుగుల్లో కంటికి ఆనదు, బైనాక్యులర్స్‌కి దొరుకుతుంది. 1600లో విలెమ్ బ్లావ్ అనే డచ్చివాడు దాన్ని కొత్త నక్షత్రంగా గుర్తించాడు. 1626 నాటికి అది కంటికి కనబడకుండా పోయింది. 1655లో మళ్లీ వెలిగింది.

దక్షిణాకాశంలోని ఈటా కరీనే కథ ఇంకా పెద్దది. 1843లో అది సిరియస్ తర్వాత అంతటి నక్షత్రమైంది. కొన్నేళ్లకే కంటికి కనబడకుండా పోయింది. ఇప్పుడు మళ్లీ కనబడుతోంది. ఢిల్లీకి అది దిగంతాన్ని అంటుకునే ఉంటుంది, మన తెలుగు జిల్లాల్లో ఇంకాస్త పైకొస్తుంది. ఇవి సూర్యుడికంటే లక్షల రెట్లు వెలిగే నీలి చర నక్షత్రాలు. తమ పదార్థాన్ని తామే బయటికి విసిరేస్తుంటాయి.

పంచాంగంలో నక్షత్రమంటే, సూర్యచంద్రులు తిరిగే దారిని 27 భాగాలు చేస్తే వచ్చే ఒక ముక్క. ఆకాశంలో ఏ తార వెలిగినా, ఏది ఆరినా ఆ లెక్క మారదు. "మాకు ఆ 27 చాలు" అంటారు. మిగతావాటిని ఏ పరీక్ష చేసి వదిలేశారు? జవాబు రాదు.

ఖగోళ శాస్త్రం తీరు చూడండి. ఈటా కరీనే కాంతిలో అయిదున్నరేళ్లకోసారి ఒక మార్పు వస్తోందని బ్రెజిల్ శాస్త్రవేత్త దమినేలి 1996లో లెక్కగట్టి, తర్వాతిది 1997 చివర వస్తుందన్నాడు. వచ్చింది. అక్కడున్నవి జంట తారలని తర్వాత తేలింది. 1843 నాటి విస్ఫోటనానికి కారణమేమిటో మాత్రం ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ మాట ఒప్పుకోవడానికి వాళ్లకు సిగ్గు లేదు, ఉండక్కర్లేదు.

ఢిల్లీలోని యూజీసీ 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులకు తలుపు తీసింది. మన హైదరాబాదు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు ఆ అప్పీలు కొట్టేసింది. గమనించండి, జ్యోతిషం నిజమని కోర్టు తేల్చలేదు. చదువుల సంగతి నిపుణులకు వదిలేసింది, అంతే. 2021లో ఇగ్నో జ్యోతిషంలో ఎం.ఏ. పెట్టింది. శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అన్న 51ఎ(హెచ్) అధికరణం రాజ్యాంగంలోనే ఉంది మరి!

కోర్సు పెట్టారు కనుక పరీక్షా పెట్టండి. ఒక జోస్యం, ఒక తేదీ, తప్పితే వదిలేస్తామని ముందే ఒక సంతకం. ప్రజల డబ్బుతో చెప్పే చదువుకు ఆ మాత్రం అడిగే హక్కు మనకుంది.