పొంగటం వేరు, పులియటం వేరు

భాషను గూర్చి మన సభలలో జరిగినన్ని వాదోపవాదాలు వంటయింటిలో జరగవు. గ్రాంథికమా, వ్యావహారికమా అని ఒక తరమంతా తగవులాడుకున్నది. శాస్త్ర పరిభాష సంస్కృతంలో ఉండాలా, ఇంగ్లీషులోనే ఉండనివ్వాలా అని తరువాతి తరం తగవులాడుకున్నది. ఈ రెండు తగవులలోను వంటయింటి మాటలు ఎవరికీ జ్ఞాపకం రాలేదు. అవి ఎక్కడికి పోతాయిలే అన్న ధీమా కాబోలు. ఆ ధీమాకు ఇక ఆధారం లేదని చెప్పటానికి నేను ఒక రొట్టెను సాక్ష్యంగా తెస్తున్నాను. సాహిత్యపు పుటలకు రొట్టెను ఎక్కించటమేమిటని పాఠకులలో కొందరు నవ్వవచ్చును. నవ్వనివ్వండి.

ఆ రొట్టె అమెరికా ఇళ్ళలో అందరూ ఎరిగినదే. మైదాపిండిని పాలు, వెన్న, ఈస్టు చేర్చి కలిపి, పొంగించి, పలకగా ఒత్తి, దాని మీద పంచదార, దాల్చినచెక్క పొడి చల్లి, చాపను చుట్టినట్టు చుట్టి, పొడుగాటి రేకు అచ్చులో పెట్టి కాలుస్తారు. కోస్తే ప్రతి ముక్కలోను గోధుమవన్నె సుడి ఒకటి కనబడుతుంది. దీని తోబుట్టువులు ఐరోపాలో ఉన్నవి. ఇట్లా చుట్టి చేసిన తీపి రొట్టెను జర్మనులు ‘ష్నెక్కె’ అంటారు, అంటే నత్త. వలస వెళ్ళినవారితో పాటు ఆ నత్త కూడ పెన్సిల్వేనియా చేరుకున్నది. స్వీడనువారు తమ దాల్చిన బన్నుకు ఏకంగా ఒక పర్వదినమే ఏర్పరచుకున్నారు. 1999 నుంచి ఏటా అక్టోబరు 4న జరుపుకుంటారు. పిండి వారిది, పద్ధతి వారిది. పరిమళం మాత్రం మన పొరుగునుంచి పోయినదే. మేలైన దాల్చినకు పుట్టిల్లు సింహళం. 1505లో పోర్చుగీసువారు అక్కడ దిగటానికి గాని, 1656లో డచ్చివారు కొలంబోను పట్టుకోవటానికి గాని, ఆ చెట్టు బెరడు మీది ఆశ తక్కువ కారణం కాదు. మన వైద్యులు దానిని త్వక్కు అన్నారు. ‘దారచీని’ అన్న పారసీక పదానికి చీనా కట్టె అని అర్థం; మన దాల్చిన అందులోనుంచి వచ్చినదే. బెరడు మన పక్కదైనా పేరు పారసీకంనుంచి తెచ్చుకున్నాము. అందుకు ఎవరమూ సిగ్గుపడలేదు. సిగ్గుపడనక్కరలేదు కూడ.

ఇప్పుడు ఈ రొట్టె మన ఊళ్ళకు వచ్చింది. ఓవెను ఉన్న ఇళ్ళు పెరిగినవి. అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన తల్లులు నేర్చుకొని వస్తున్నారు. 2020లో అందరూ ఇళ్ళలో కూర్చోవలసి వచ్చినప్పుడు, అంతకు ముందు చపాతీపిండి కూడ కలిపి ఎరుగని యువకులు ఈస్టు పొట్లాలు వెతుక్కున్నారు. ఇదంతా నాకు సంతోషమే. నా పేచీ ఈ రొట్టెతో కాదు, దీనిని నేర్పే తెలుగుతో.

టెలివిజనులోను, ఫోనులోను, పత్రికలలోను ఈ పద్ధతిని చెప్పే తెలుగు ఎట్లా ఉంటున్నదో చూడండి. డౌను నీడ్ చేసి, రెస్ట్ ఇచ్చి, రైజ్ అవనిచ్చి, రోల్ చేసి, ప్రూఫ్ చేసి, బేక్ చేయాలట. వాక్యంలో తెలుగువారి సొత్తు ‘చేయు’ ధాతువొక్కటే మిగిలింది. పిసకటం, మెదపటం, మదాయించటం, నానటం, ఊరటం, పులియటం, పొంగటం, ఉబ్బటం, ఒత్తటం, చుట్టటం, మగ్గటం, కాలటం, కమరటం, మాడటం - ఇన్ని క్రియలున్న భాషకు ఈ దారిద్ర్యం ఎందుకు వచ్చింది?

ఇది చెవికి ఇంపు లేకపోవటం వంటి చిన్న విషయమయితే నేను ఇంత వ్రాయను. మాట మారటంతో చేతి తెలివి కూడ పోతున్నది. మా వీధిలో ఒక ఇల్లాలు మే నెలలో ఈ రొట్టెకు పూనుకున్నది. ‘రైజ్’ కావటానికి గంటన్నర అని పద్ధతిలో ఉన్నది. అమెరికాలో పాతిక డిగ్రీల వంటయింటికి అది సరిపోయే లెక్కే. మన వంటయిల్లు ఆనాడు నలభైకి దగ్గరగా ఉన్నది. గంటన్నర తరువాత చూస్తే పిండి గిన్నె దాటి పొంగి, మళ్ళీ కూలి, సారా వాసన వేస్తున్నది. నన్ను ఆలోచింపజేసిన సంగతి ఏమిటంటే, ఆమె ముప్పై ఏళ్ళుగా ఇడ్లీపిండి రుబ్బుతున్నది. ఎండాకాలంలో రాత్రి పదింటికి రుబ్బితే తెల్లవారేసరికి మించిపోతుందని, పుష్యమాసంలో పొయ్యి పక్కన పెట్టి కంబళి కప్పినా కదలదని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ‘పొంగనివ్వండి’ అని ఉంటే ఆమె నాలుగుసార్లు మూత తీసి చూసేది. ‘రైజ్ అవనివ్వండి’ అన్నారు గనుక అది తనకు తెలియని విద్య అనుకొని, తన కన్నును పక్కన పెట్టి గడియారాన్ని నమ్మింది.

పోనీ, ఆ ఇంగ్లీషు మాట మన మాటకంటె సూక్ష్మమైనదా అంటే, ఇక్కడ మనదే సూక్ష్మం. చలికాలంలో మన ఇళ్ళలో “పులిసింది గాని పొంగలేదు” అని విచారించటం అందరూ వినే ఉంటారు. పులియటం రుచికి సంబంధించినది. పొంగటం ఆకారానికి సంబంధించినది. ఇడ్లీపిండిలో ఈ రెండు పనులకూ ప్రధాన కారణం మినపప్పును అంటిపెట్టుకొని వచ్చే బాక్టీరియా. అవి ఆమ్లాన్నీ పుట్టిస్తాయి, బొగ్గుపులుసు వాయువునూ పుట్టిస్తాయి. ఒకటి జరిగి రెండవది వెనుకబడవచ్చును. పొట్లపు ఈస్టు నడత వేరు. అది పంచదారను తిని వాయువును, కొద్దిపాటి సారాను వదలుతుంది. పులుపు పుట్టించటం దాని స్వభావం కాదు. కాబట్టి ఈ రొట్టెకు కావలసినది పొంగిన పిండి, పులిసిన పిండి కాదు. పులుపు వాసన వచ్చిందంటే వేళ మించిందని అర్థం. 1857లో పాశ్చరు పాలు పులియటానికి కారణం సూక్ష్మప్రాణులేనని ప్రకటించి, సారా తయారీలో ఈస్టు చేసే పనిని ఆ వెనుక వేరుగా నిరూపించాడు. ప్రయోగశాలలో తేలిన ఆ భేదం మన ఆడవారి మాటలలో రెండు క్రియలుగా ముందే ఉన్నది. మన పాఠ్యపుస్తకాలు ఈ రెండింటినీ కలిపి కిణ్వ ప్రక్రియ అంటాయి. కిణ్వం మంచి మాటే, కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని ప్రకరణంలో కూడ ఉన్నది. కాని పిండి గిన్నె ముందు నిలబడ్డ మనిషికి అది ఏ సహాయమూ చేయదు.

ఇక ఆ సుడి విషయం. అది అందానికి పెట్టినదని చాలామంది అనుకుంటారు. దాల్చినపొడిని పిండిలోనే కలిపివేస్తే శ్రమ తగ్గదా అని అడిగినవారున్నారు. తగ్గుతుంది, రొట్టె కూడ తగ్గుతుంది! దాల్చినకు వాసననిచ్చే తైలం బూజును, శిలీంధ్రాలను అణచగలది. ఈస్టు కూడ శిలీంధ్రమే గదా. పొడిని ధారాళంగా పిండిలో కలిపితే ఈస్టు మందగించి పొంగు చచ్చిపోతుంది. పరిమళమూ కావాలి, పొంగూ కావాలి. అందుచేత రెండింటినీ వేరు పొరలుగా ఉంచి చుట్టటమే ఉపాయం. ఎవరో ఇల్లాళ్ళు రసాయనశాస్త్రం తెలియకుండానే అనుభవంతో ఈ పద్ధతికి చేరుకొని ఉంటారని నా నమ్మకం.

ఆ చుట్టటంలో ఒక చిక్కున్నది. కాలిన తరువాత కోస్తే చుట్టు చుట్టుకూ నడుమ సొరంగం పడుతుంది. ముక్క చేతిలో పట్టుకోగానే రిబ్బనులాగా విడిపోతుంది. దీనికి కారణం తెలియాలంటే తాపేశ్వరం పోవాలి. మడతకాజా చేసేవారు పిండిని పలుచగా ఒత్తి, నెయ్యి రాసి, పిండి చల్లి, చుట్ట చుట్టి ముక్కలు కోస్తారు. నెయ్యి పొరను పొరకు అంటనీయదు. నూనెలో వేగేటప్పుడు పొరలు విచ్చుకొని, పాకం లోపలిదాకా పోతుంది. కాజాకు కావలసినది అదే. ఈ రొట్టెకు కావలసినది దానికి నేరుగా ఎదురు. ఇందులో పొరలు అంటుకోవాలి. అయినా పద్ధతులలో చాలా భాగం లోపల కరిగిన వెన్న రాయమని చెబుతాయి. వెన్న రాస్తే ఇది కాజా దారి పట్టక ఏమవుతుంది? తడిచేత్తో నీళ్ళో, గిలకొట్టిన గుడ్డు తెల్లసొనో పలుచగా రాసి, పంచదారలో చిన్న చెంచాడు మైదా కలిపి చల్లితే, కరిగిన పాకాన్ని ఆ మైదా పట్టి ఉంచుతుంది. ‘రోల్ చేయండి’ అన్నచోట కాజా ఎవరికీ తట్టదు. ‘ఒత్తి చుట్టండి’ అని ఉంటే గోదావరి జిల్లాల ఆడపడుచుకు తట్టకుండా ఉండదు.

మా పెద్దమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఒకనాడు ఫోనులో, “నాన్నగారూ, ప్రూఫింగుకు తెలుగులో ఏమంటారు?” అని అడిగింది. నేను నిఘంటువుకోసం లేవబోతుండగా వాళ్ళమ్మ లోపలినుంచి, “అచ్చులో పెట్టాక మళ్ళీ ఒకసారి పొంగనివ్వటమే గదుటే, దానికి వేరే పేరెందుకు? మలి పొంగు అను” అన్నది. పరిభాషా సంఘాలు నెలల తరబడి కూర్చున్నా ఇంతకంటె మంచి మాట తేలేవని నేను అనుకుంటాను.

ఇంగ్లీషు మాటలన్నిటినీ తరిమివేయాలని నా వాదం కాదు. ఈస్టును ఈస్టు అనే అనండి. దానికి మధుశిలీంధ్రమని పేరు పెట్టినవారి పాండిత్యానికి నమస్కారం. ఆ పేరుతో అంగడిలో ఎవరూ దానిని ఇవ్వరు. ఓవెను ఓవెనే, బ్రెడ్డు బ్రెడ్డే, హైదరాబాదువారికి డబల్ రొట్టె. వస్తువు వచ్చినప్పుడు దాని పేరు వెంట వస్తుంది. దాల్చిన అట్లా వచ్చిందే గదా. దీనికి ‘దాల్చిన చుట్ట’ అని అచ్చతెలుగు పేరు పెడదామన్న మిత్రుడు ఒకరున్నారు; పాతకాలపు పెద్దమనుషులు దానిని వెలిగించటానికి అగ్గిపెట్టె వెతుకుతారేమోనని నేనే వద్దన్నాను. నామవాచకాల రాకపోకలు ఏ భాషకూ తప్పవు. క్రియల సంగతి వేరు. క్రియలో పని చేసే చెయ్యి ఉంటుంది, ఎప్పుడు ఆపాలో చెప్పే కన్ను ఉంటుంది. గోరువెచ్చన అన్నామంటే, థర్మామీటరు నలభై డిగ్రీలని చెప్పేదానిని వేలు ముంచి తెలుసుకోవచ్చునన్న భరోసా ఆ మాటలోనే ఉన్నది. పాలు అంతకు మించి కాగి అరవైకి చేరితే ఈస్టు చస్తుంది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన 1962లో వ్యవసాయ పదాలకు, 1971లో చేనేత పదాలకు మాండలిక వృత్తి పదకోశాలు వెలువడినవి. రైతు నోటినుంచి, నేతగాని నోటినుంచి మాటలు ఏరి కూర్చిన మహత్కార్యం అది. నాగలికీ మగ్గానికీ దక్కిన ఆ శ్రద్ధ పొయ్యికి కూడ దక్కాలని నా కోరిక. అయితే కోశంలోకి ఎక్కేలోగా మాట నోట ఆడుతూ ఉండాలి. ఆడటానికి కొత్త వంటలకంటె మంచి చోటు ఏమున్నది?

విమర్శించినవాడు తాను చేసి చూపాలంటారు గనుక, మా ఇంట్లో చేసే విధం చెబుతాను. 240 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలలో రెండు పెద్ద చెంచాల పంచదార, 7 గ్రాముల ఈస్టు వేసి పది నిమిషాలు ఉంచాలి. నురుగు కట్టకపోతే ఆ ఈస్టు చచ్చినదే. పారబోసి వేరే పొట్లం తీయాలి. 400 గ్రాముల మైదాలో చెంచాడు ఉప్పు కలిపి, ఈ పాలు పోసి తడపాలి. మన మైదా అమెరికా రొట్టెపిండి పీల్చినంత తడి పీల్చదు, కాబట్టి నాలుగు చెంచాల పాలు వెనక్కు ఉంచుకోవటం మంచిది. 40 గ్రాముల వెన్న చేర్చి మదాయించాలి. ఎంతసేపు అని అడగవద్దు. చిన్న ముద్ద తీసి వేళ్ళతో సాగదీస్తే చిరగకుండా ఉల్లిపొరలాగా వెలుగు కనబడేదాక. ముద్దకు నెయ్యి రాసి, తడిగుడ్డ కప్పి, రెట్టింపు పొంగేదాక ఉంచాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడితే ఇంకా కాలేదు. నెమ్మదిగా సగం పూడితే అయింది. అసలు పూడకపోతే మించింది. మే నెలలో ముప్పావు గంటలోపే కావచ్చును, పుష్యంలో రెండు గంటలు పట్టవచ్చును.

తరువాత తొమ్మిది అంగుళాల వెడల్పు, దానికి రెట్టింపు పొడుగు ఉండేటట్టు ఒత్తి, పైన చెప్పినట్టు తడి రాసి, 70 గ్రాముల పంచదార, పెద్ద చెంచాడు దాల్చినపొడి, కాస్త మైదా కలిపి చల్లి, బిగువుగా చుట్టి, అంచు నొక్కి, ఆ అంచు అడుగుకు వచ్చేటట్టు వెన్న రాసిన అచ్చులో పెట్టాలి. బజారులో దొరికే మందపాటి చెక్క చాలావరకు కాసియా అనే జాతి, ఘాటు ఎక్కువ. సింహళపు చెక్క కాగితపు పొరల చుట్టలాగా సన్నగా ఉండి చేతితో నలుగుతుంది. దొరికితే అదే మేలు. మలి పొంగులో పిండి అచ్చు అంచుమీద ఒక అంగుళం లేవాలి. 180 డిగ్రీల వేడిలో ముప్పై అయిదు, నలభై నిమిషాలు కాలుతుంది. పైభాగం కమరబోతుంటే అల్యూమినియం రేకు కప్పాలి. తీసి తిరగవేసి, కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు అడుగున వేలితో కొడితే బోలు చప్పుడు రావాలి. వెంటనే కోయరాదు. వేడిమీద కత్తి పెడితే పాకం కారి పొరలు విడతాయి, లోపలి మెత్తన జిగటగా కత్తికి అంటుకుంటుంది. గంటసేపయినా చల్లారనివ్వాలి. ఆ గంటసేపు ఇల్లంతా దాల్చిన వాసన నిండి ఉంటే పిల్లలను ఎట్లా ఆపాలో మాత్రం ఏ వంటల పుస్తకంలోను నేను చూడలేదు.