బడి గంట తర్వాత...

సాయంత్రం బడి గంట కొట్టాక మన పిల్లలు ఏం చేస్తున్నారు? ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ వేసుకోవలసిన ప్రశ్న ఇది.

రాష్ట్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో 8వ తరగతి విద్యార్థులకు పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచింది. మరుసటి ఏడాదీ పంచింది. పరికరం ఇంటికి వచ్చింది గానీ, దారి చూపే పెద్దదిక్కు రాలేదు. ఎవరో తీసిన వీడియోలు చూస్తూ కూర్చోవడం చదువు కాదు. అదే విద్యార్థి తన ఊరి చెరువు గురించి పెద్దలను అడిగి, రాసుకుని, మూడు నిమిషాల చిత్రం తీస్తే భాష పదునెక్కుతుంది. జంకు పోతుంది. విన్నదాన్ని నిర్ధారించుకునే అలవాటు వస్తుంది. అయితే తప్పు చూపి సరిదిద్దే అన్నయ్యో, అక్కయ్యో పక్కన ఉండాలి.

సత్యవేడుకు చేరువలోని శ్రీసిటీలో 2013లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడి విద్యార్థులను వారానికి రెండు గంటలు అడుగుదాం. బడిలో ఒక గదిని సాయంత్రం మరో గంట తెరిచి ఉంచమని ప్రధానోపాధ్యాయులను కోరుదాం. వెలుతురుండగానే ముగిసేలా వేళ పెట్టాలి. లేకుంటే ఆడపిల్లలు ఇంటి గడప దాటరు. సగంమందికి అందని చదువు సగం చదువే.

వచ్చే శుక్రవారం నలుగురూ కూడినచోట ఈ మాట కదిలించండి.