ఫొటో కింద రాత ఎవరిది?

యుద్ధ చరిత్ర పుస్తకాల్లో స్త్రీలు ఎక్కువగా కనిపించేది ఫొటోల్లోనే. పాఠం నిండా సేనానులు, ఒప్పందాలు, సరిహద్దులు ఉంటాయి. మధ్యలో ఎక్కడో అర పేజీ ఫొటోలో మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోతున్న స్త్రీలు, రేషన్ క్యూలో నిలబడ్డ స్త్రీలు, ఫ్యాక్టరీ యంత్రం ముందు పనిచేస్తున్న స్త్రీలు ఉంటారు. వాళ్ల గురించి పాఠంలో ఒక్క మాట ఉండదు. ఫొటో కింద మాత్రం ఒక వాక్యం ఉంటుంది. 'శరణార్థులు', 'విజయోత్సాహం', 'పట్టుబడిన స్త్రీలు'. ఆ వాక్యం రాసింది ఎవరు? ఫొటోలో ఉన్న స్త్రీని అడిగి రాశారా? పాత ఫొటోలను చరిత్రకు ఆధారంగా తీసుకునే ముందు మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

ఫొటో అబద్ధం చెప్పదని మనకొక నమ్మకం ఉంది. కెమెరా తన ముందున్న దాన్నే పట్టుకుంటుంది, నిజమే. కానీ కెమెరాను ఎటు తిప్పాలో, ఎప్పుడు నొక్కాలో, ఆ తర్వాత ఆ బొమ్మను ఏ ఫైల్లో పెట్టి ఏమని పేరు రాయాలో నిర్ణయించేది మనుషులు. యుద్ధకాలంలో ఆ మనుషులు చాలావరకు సైన్యానికో, ప్రభుత్వానికో, పెద్ద పత్రికకో పనిచేసే మగవాళ్లు. ఫొటో కింద ఉన్న ఒక్క వాక్యం ఎంత చరిత్రను పూడ్చిపెట్టగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ తీసుకుంటాను.

1944 సెప్టెంబర్ 3. బర్మా సరిహద్దుకు దగ్గరలో, చైనాలోని యునాన్ రాష్ట్రంలో సాంగ్‌షాన్ అనే కొండ. అక్కడి జపాన్ సైనిక స్థావరం చైనా దళాల చేతికి చిక్కుతున్న రోజులవి. అమెరికా సైన్యానికి చెందిన ఫొటోగ్రాఫర్ ఒకరు పట్టుబడిన నలుగురు స్త్రీలను ఫొటో తీశాడు. వాళ్లలో ఒకామె నిండు గర్భిణి. వెనక మట్టిగట్టుకు ఆనుకుని, నిలబడలేక నిలబడి ఉంది. సైన్యం ఆ ఫొటో కింద రాసిన వివరణ ప్రకారం వాళ్లు నలుగురు జపాన్ ఆడపిల్లలు, ఖైదీలు. అంతే. ఆ ఫొటో అమెరికా జాతీయ దస్తావేజుల భాండాగారంలో దశాబ్దాల పాటు ఆ వాక్యంతోనే ఉండిపోయింది.

వాళ్లు జపాన్ స్త్రీలు కారు. జపాన్ సైన్యం తన స్థావరాల వెంట తిప్పుకున్న కొరియా స్త్రీలు. 'కంఫర్ట్ విమెన్' అన్నది సైన్యం పెట్టిన పేరుకు ఇంగ్లీషు అనువాదం. ఎవరికి సుఖం, ఎవరికి ఓదార్పు? పేరులోనే నేరాన్ని దాచిపెట్టే ఈ మాటను కాదని, స్త్రీల సంఘాలు దాన్ని సైనిక లైంగిక బానిసత్వం అన్నాయి. 1991 ఆగస్టు 14న దక్షిణ కొరియాలో కిమ్ హక్ సున్ తన పేరుతో, తన ముఖంతో బహిరంగంగా ముందుకొచ్చి మాట్లాడింది. మరుసటి ఏడాది జనవరిలో చరిత్రకారుడు యోషిమి యోషియాకి వెలికితీసిన సైనిక పత్రాలు జపాన్ పత్రికల్లో వచ్చాయి. 1993 ఆగస్టులో జపాన్ ప్రభుత్వం సైన్యం పాత్రను ఒప్పుకోక తప్పలేదు. ఒక స్త్రీ నోరు విప్పితే దస్తావేజుల గదుల తలుపులు ఎలా తెరుచుకుంటాయో ఈ వరస చెబుతుంది.

2000 డిసెంబర్‌లో టోక్యోలో ఆసియా స్త్రీల సంఘాలు కలిసి ఒక అంతర్జాతీయ మహిళా ట్రిబ్యునల్ నడిపాయి. దాని కోసం సాగిన పరిశోధనలో ఆ సాంగ్‌షాన్ ఫొటో ఉత్తర కొరియాలోని పాక్ యోంగ్ సిమ్ అనే వృద్ధురాలికి చేరింది. ఆ గర్భిణిని తానేనని ఆమె చెప్పింది. 56 ఏళ్ల తర్వాత ఆ ఫొటోకు ఒక పేరు వచ్చింది, ఒక ఊరు వచ్చింది. నాన్‌జింగ్ నుంచి బర్మాకు, అక్కడి నుంచి ఆ కొండకు ఆమెను తరలించిన దారి వచ్చింది. కడుపులోని బిడ్డ దక్కలేదన్న సంగతి వచ్చింది. 2003లో ఆమె నాన్‌జింగ్ వెళ్లి తనను బంధించిన ఇంటిని గుర్తుపట్టింది. 2006లో చనిపోయింది. ఆ భవనాలే 2015లో మ్యూజియం అయ్యాయి. ఇక ఆ స్త్రీలలో కొందరు కనిపించే 18 సెకన్ల కదిలే బొమ్మను అమెరికా భాండాగారంలో వెతికి పట్టుకుని, 2017 జూలైలో సియోల్ నగర పాలక సంస్థ, సియోల్ జాతీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు విడుదల చేశారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఫొటో దానంతటది ఏమీ బయటపెట్టలేదు. అన్నేళ్లూ అది అక్కడే ఉంది, చూసినవాళ్లూ ఉన్నారు. దాన్ని సాక్ష్యంగా మార్చింది ఆమె మాట. అలాగని ఫొటో వట్టిదీ కాదు. స్త్రీల మాటను నమ్మని లోకంలో ఆమె మాటకు అది ఆసరా అయింది. 'ఆధారం ఏదీ' అని అడిగేవాళ్ల ముందు ఆ మట్టిగట్టుకు ఆనుకున్న గర్భిణి నిలబడింది. ఫొటో, కాగితం, నోటి మాట - ఈ మూడింటిలో ఏ ఒక్కటి చాలదు. కానీ మూడింటిలో చివరిదాన్నే మన చరిత్రకారులు ఇప్పటికీ తక్కువగా చూస్తున్నారు.

గెలిచిన పక్షం ఫొటోల సంగతీ ఇంతే. 1945 ఆగస్టు 14న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఒక నావికుడు తెల్ల దుస్తుల్లో ఉన్న యువతిని వెనక్కి వంచి ముద్దు పెట్టుకుంటున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆల్‌ఫ్రెడ్ ఐసన్‌స్టాట్ తీసిన ఆ ఫొటోను యుద్ధం ముగిసిన ఆనందానికి గుర్తుగా, నావికుడూ నర్సూ ప్రేమకథగా చెప్పుకున్నారు. ఆ యువతిగా గుర్తింపు పొందిన గ్రెటా జిమ్మర్ ఫ్రీడ్‌మన్ నర్సు కాదు, దంతవైద్యుడి దగ్గర సహాయకురాలు. నాజీల బారి నుంచి తప్పించుకుని ఆస్ట్రియా నుంచి వచ్చిన యూదు స్త్రీ. ముద్దు తన ఇష్టంతో జరిగింది కాదని, ఆ మనిషి వచ్చి తనను పట్టేసుకున్నాడని 2005లో ఆమె చెప్పింది. అతని మీద ఆమెకు కోపం లేకపోవచ్చు. అతని సంతోషాన్ని ఆమె అర్థం చేసుకుంది కూడా. కానీ 60 ఏళ్ల పాటు ఆ ఫొటో కింద రాసిన మాట అతని సంతోషానిదే. అపరిచితురాలి మీద చెయ్యి వెయ్యడం దేశం సంబరమైతే తప్పు కాకుండా పోతుందా అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

ఫ్యాక్టరీ స్త్రీల ఫొటోలదీ మరో రకం చెరిపివేత. 1942లో కాలిఫోర్నియాలోని అలమీడా నౌకాదళ విమాన కేంద్రంలో తలకు గుడ్డ కట్టుకుని లేత్ మెషిన్ మీద వంగి పనిచేస్తున్న ఒక యువతి ఫొటో ఉంది. చాలాకాలం అందులో ఉన్నది వేరొకామె అని ప్రపంచం నమ్మింది. అసలామె నయోమి పార్కర్ 2011లో, తన తొంభయ్యో ఏడు దాటే వయసులో, తన ఫొటో కింద వేరే పేరు చూసుకుంది. జేమ్స్ కింబల్ అనే అధ్యాపకుడి పరిశోధన 2016లో వెలువడ్డాక గానీ ఆమె పేరు ఆమెకు దక్కలేదు. పోస్టర్లలో స్త్రీల బలాన్ని పొగిడిన ప్రభుత్వాలే యుద్ధం అయిపోగానే మగవాళ్లు తిరిగొచ్చారు, ఇక ఇళ్లకు వెళ్లండన్నాయి. పని పోయింది, పేరూ పోయింది, బొమ్మ మాత్రం మిగిలింది.

ఇవన్నీ పరాయి దేశాల సంగతులు కదా అనుకోనక్కర్లేదు. అదే యుద్ధం మన ఇళ్లలోకీ వచ్చింది. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద బాంబులు పడ్డాక, అక్కడ రేవుల్లో, మిల్లుల్లో బతుకు వెళ్లదీస్తున్న వేలాది తెలుగు కుటుంబాలు కూడా తిరుగుముఖం పట్టాయి. ఓడలెక్కినవాళ్లు కొందరు, అడవుల వెంట, కొండల వెంట కాలినడకన వచ్చినవాళ్లు ఎందరో. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ దారుల్లో కాన్పులైన స్త్రీలు, బిడ్డల్ని పోగొట్టుకున్న స్త్రీలు ఏ ఫొటోలో ఉన్నారు? కెమెరా ఉన్నవాళ్ల దారి వేరు, కూలివాళ్ల దారి వేరు. ఫొటో లేదు కాబట్టి జరగలేదనుకుంటే సగం చరిత్ర తుడిచిపెట్టుకుపోతుంది. ఫొటోలో ఏముందో చూడటం ఎంత అవసరమో, ఎవరికి ఫొటోయే లేకుండా పోయిందో అడగటం అంత అవసరం.

తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకులు పట్టుకున్న స్త్రీల ఫొటోలు మనకు బాగా తెలుసు. గోడల మీద, పుస్తకాల అట్టల మీద చూశాం, గర్వపడ్డాం. కానీ 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు అదే పోరాటంలోని స్త్రీలు తుపాకీతో పాటు ఇంకా ఎన్నో చెప్పారు. డెన్లలో వంట, కబుర్ల చేరవేత, చంటిబిడ్డను వదులుకోవలసి రావడం, తోటి కామ్రేడ్ల అనుమానాలు, పోరాటం విరమించాక ఇళ్లకు పొమ్మన్న తీరు. తుపాకీ ఫొటో అబద్ధమని ఎవరూ అనలేదు. అది ఒక్క క్షణం. దాని ముందూ వెనకా ఉన్న రోజుల్ని ఆ స్త్రీలు చెప్పారు. ఆ దైనందిన జీవితమే లేకపోతే పోరాటం ఒక్క వారం కూడా నిలిచేది కాదు.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి రావచ్చు. పేర్లు అడుగుతూ, అనుమతులు తీసుకుంటూ కూర్చుంటే ఘోరాలు లోకానికి తెలిసేదెలా అని. 1943లో బెంగాల్ కరువు గురించి వలస ప్రభుత్వం నోరు మెదపనప్పుడు, ఆగస్టు 22న స్టేట్స్‌మన్ పత్రిక కలకత్తా వీధుల్లో ఆకలితో పడి ఉన్న స్త్రీల, పిల్లల ఫొటోలు అచ్చువేసింది. సునీల్ జానా తీసిన ఫొటోలు కమ్యూనిస్టు పార్టీ పత్రికలో వచ్చాయి. దాదాపు 30 లక్షల మందిని మింగిన ఆ కరువును దాచడం ఇక సాధ్యం కాలేదు. ఆ ఫొటోలు రాకుండా ఉండాల్సిందని నేను అనను. అయితే మరో ఉదాహరణ కూడా పక్కన పెట్టి చూడాలి.

1971 యుద్ధంలో అత్యాచారాలకు గురైన స్త్రీలను బంగ్లాదేశ్ ప్రభుత్వం 'బీరాంగనలు', అంటే వీరనారులు అంది. నయీబుద్దీన్ అహ్మద్ తీసిన ఒక ఫొటోలో జుట్టుతోనూ, బిగించిన పిడికిళ్లతోనూ ముఖం కప్పుకున్న స్త్రీ ఆ యుద్ధానికే గుర్తు అయింది. ఆ ముఖం మనకు కనపడదు. 1992లో ఢాకాలో ప్రజా న్యాయస్థానం జరిగినప్పుడు ముగ్గురు పల్లెటూరి స్త్రీలను సాక్ష్యానికి తీసుకొచ్చారు. వాళ్ల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. దానివల్ల ఊళ్లో ఆ కుటుంబాలు ఎదుర్కొన్న ఎత్తిపొడుపుల్ని, వెలివేతను మానవశాస్త్రవేత్త నయనికా ముఖర్జీ వివరంగా రాసింది. ఆ ఫొటోల వెనక ఉన్నది శత్రువులు కాదు. న్యాయం కోరిన మనలాంటి ఉద్యమకారులే. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన ఫొటో తీసేవాళ్ల చేతిలోని అధికారం మాయం కాదు.

మన సంస్థల నివేదికలు ఒకసారి ముందేసుకుని చూడండి. సమావేశం ఫొటోలో వేదిక మీదివాళ్ల పేర్లు వరసగా ఉంటాయి. కింద కూర్చున్న యాభైమంది 'గ్రామీణ మహిళలు'. బాధితురాలి ఇంటికి వెళితే ముందు ఫోన్ బయటికి వస్తుంది, నిధులిచ్చేవాళ్లకు ఫొటో కావాలి కాబట్టి. రేపు ఎవరో పరిశోధకురాలు ఇవే ఫొటోలు పట్టుకుని మన కాలాన్ని చదవబోతే, సాంగ్‌షాన్ ఫొటో కింది వాక్యం కన్నా మనది ఎంత మెరుగ్గా ఉంటుంది?

చెయ్యవలసినవి పెద్ద పనులేమీ కావు. మన కార్యాలయాల బీరువాల్లో పడి ఉన్న పాత ఫొటోలు తీసి, వాటిలోని స్త్రీలు బతికుండగానే వాళ్లతో కలిసి కూర్చుందాం. ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు, తీసింది ఎవరు, పిలిచినా ఫొటోలోకి రానిది ఎవరు అని అడుగుదాం. వాళ్ల మాటల్లోనే రాసుకుందాం. ఫొటో వెనక రాసేటప్పుడు పెన్నుతో కాకుండా మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రాయాలి, సిరా ముందువైపుకు దిగుతుంది. వృద్ధ స్త్రీల ఇళ్లలో ఆల్బం తెరిస్తే ప్రశ్నావళికి రాని జవాబులు వస్తాయన్నది నా పరిశోధనలో పదే పదే చూశాను. స్టూడియోలో వేసుకున్న గొలుసు ఎవరి దగ్గర అరువు తెచ్చిందో చెబుతూ ఆ ఇంటి అప్పుల చరిత్రంతా చెబుతారు.

అనుమతి అన్నది ఒక్కసారి వేలిముద్ర వేయించుకుంటే తీరిపోయేది కాదు. ఇవాళ సరేనన్న స్త్రీ రేపు కూతురి పెళ్లప్పుడు వద్దనవచ్చు, ఆ హక్కు ఆమెదే. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరమని పాత శిక్షాస్మృతిలోని 228ఎ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే సంగతి 72వ సెక్షన్‌లో ఉంది. అయితే ఆ చట్టం అడ్డుకునేది బలవంతంగా బయటపెట్టడాన్ని. తానే పేరు చెప్పుకుని నిలబడతానన్న కిమ్ హక్ సున్ లాంటి స్త్రీని నోరు మూయించడానికి దాన్ని సాకుగా వాడకూడదు. దాచడమూ, చెప్పడమూ రెండూ ఆమె నిర్ణయాలే కావాలి. పాత ఫొటోలకు రంగులద్ది, కదిలించి, లేని నవ్వులు పూసే యంత్రాలు అందరి చేతిలోకీ వచ్చిన ఈ రోజుల్లో, అసలు ఫొటోను, దాని వెనక ఉన్న అసలు మాటను భద్రం చెయ్యడం మరింత అత్యవసరం.

చరిత్రలో స్త్రీలకు చోటు కావాలని మనం చాలాకాలంగా అడుగుతున్నాం. ఫొటోల్లో ఆ చోటు ఎప్పుడూ ఉంది. కొరత అంతా ఆ ఫొటో కింది రాతలో ఉంది. ఆ రాతను ఆమె చేతికి ఇవ్వడం మన పని. పాక్ యోంగ్ సిమ్ దాకా ఆ ఫొటో చేరడానికి 56 ఏళ్లు పట్టింది. మన ఊళ్లలో జవాబు చెప్పగలిగిన స్త్రీలకు అంత వ్యవధి లేదు.